బండి నడిపింది ఎవరు?

“బండి నడిపింది ఎవరు?”

“నేనే సార్.”

తడుముకోకుండా చెప్పాడు మునిరాజు. మూడు వారాలుగా యజమాని కోదండరాం నేర్పించిన జవాబు అది. మొదట పోలీసుల దగ్గర చెప్పించాడు. ఇవాళ మౌంట్‌రోడ్డులోని ఇన్సూరెన్సు ఆఫీసుకు పంపించాడు.

నిజానికి ఆరోజు చూలై పేటలోని ఒక సందులో కారు రివర్సు తీసింది కోదండరాం కొడుకు కిరణ్‌కుమార్. వాడికి లైసెన్సు లేదు. కారు వెనక నిలబడి ఉన్న ఆరేళ్ల జనని చక్రం కింద పడి చనిపోయింది.

“మావాడి పేరొస్తే కంపెనీ పైసా ఇయ్యదురా,” అన్నాడు కోదండరాం ఆ సాయంత్రమే. “నీకు లైసెన్సుండాది. నువ్వు తోలినావంటే బిడ్డ తల్లికి నాలుగు డబ్బులొస్తాయి. ఆ పంకజం మొహం చూసైనా ఒప్పుకో.”

మునిరాజు పంకజం మొహం చూశాడు. ఒప్పుకున్నాడు.

కంపెనీ తరఫున విచారించే విజయకుమార్ అన్నీ రాసుకుంటున్నాడు.

“వెనకాల బిడ్డ నిలబడుంటే అద్దంలో చూసుకోలేదా?”

“చూసినా కనపడదు సార్. అంత ఎత్తు లేదు.”

“హారన్ కొట్టినావా?”

“లేదు సార్.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

విజయకుమార్ నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. మునిరాజు తాగలేదు. చూపించినచోట సంతకం పెట్టాడు.

ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేసి, విజయకుమార్ అతన్ని తేరిపార చూశాడు.

“పదహారేండ్లుగా చూస్తా ఉండానప్పా. ఓనర్లు ఇట్లనే డ్రైవర్లని ముందుకు తోస్తారు. ఒకటి తెలుసుకో. లైసెన్సు లేనోడు తోలినా సరే, చచ్చిపోయినోళ్ల ఇంటికి కంపెనీ ముందు కట్టాల్సిందే. తరవాత ఆ దుడ్డు ఓనరు కాడ వసూలు చేసుకుంటాం. ఓనర్ల భయమంతా దానికే.”

మునిరాజు చెయ్యి ఫైలు వైపు సాగి, బల్ల మధ్యలో ఆగిపోయింది. పోలీసుల కాగితంలోనూ తన సంతకమే ఉంది.

విజయకుమార్ ఇంకో ఫారం తీశాడు.

“బిడ్డ వివరాలు రాసేస్తే అయిపోతుంది. పేరు జనని. తల్లి పంకజం. బర్త్ సర్టిఫికెట్ జెరాక్సులో తండ్రి పేరు చెరిగిపోయుండాది. నీకేమన్నా తెలుసునా?”

మునిరాజు తన పేరే చెప్పాడు.