గీత కదలకూడదు

"గీత వెంట్రుకవాసి కూడా కదలకూడదు" అని టైప్ చేసి, అది చాలదన్నట్టు కింద ఇంకోసారి అదే కొట్టింది టైలరమ్మ.

ఆమె ఆన్‌లైన్‌లో పెట్టిన లోగో పోటీకి అది మొదటి షరతు. మనకేం కావాలో రాసి బహుమతి ప్రకటిస్తే, ఎక్కడెక్కడి బొమ్మలు గీసేవాళ్ళో పోటీలు పడి లోగోలు పంపే వెబ్‌సైట్ అది. వాళ్ళందరికీ ఆమె ఒక గీత ఇచ్చింది. పైన కుడివైపు మొదలై, ఏటవాలుగా ఎడమకు దిగి, చివర్లో కాస్త వంకరపోయే గీత. పల్చటి కాగితం పెట్టి తానే దించి, ఫోటో తీసి పెట్టింది. పంపే లోగోలో ఆ గీత ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

మిగతా షరతులూ తక్కువేం కాదు. నలుపు తప్ప ఇంకో రంగు వద్దు. గులాబీ రంగయితే అసలే వద్దు. రిబ్బన్లు వద్దు, పూలు వద్దు. అక్షరాలు వద్దు. అరచేతిలో ఇమిడేంత ఉంటే చాలు.

"పేరు లేకుండా లోగో ఏమిటే?" అంది అక్క, కాజాలు కుడుతూ.

"నా పేరు నాకు తెలుసులే అక్కా."

ఆరు నెలలు మూతపడ్డ టైలరింగ్ షాపును అక్కచెల్లెళ్ళిద్దరూ ఈమధ్యే మళ్ళీ తెరిచారు. పాతవాళ్ళంతా వస్తున్నారు. వచ్చినవాళ్ళు బట్టల సంగతి తర్వాత, ముందు టైలరమ్మ వంక జాలిగా చూస్తున్నారు. "పాపం, నీకే రావాలా ఇలాంటి కష్టం!" అని నిట్టూరుస్తున్నారు. ఆ నిట్టూర్పులకు ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఆ జాలి తనకూ అంటుకోకముందే ఏదో ఒకటి చెయ్యాలనుకుంది. చేసింది ఈ పోటీ.

లోగోలు రావడం మొదలైంది. ఒకడు గీతను నదిని చేశాడు. ఒకామె మెరుపును చేసింది. మరొకడు దాన్ని కింది నుంచి పైకి చూసి, లాభాలు పైపైకి పోయే గ్రాఫుగా మార్చాడు. ఇంకెవరో దారం చేసి చివర సూది తగిలించారు.

"సూదులతో నేను వేగింది చాలు" అని దాన్నీ తిప్పి పంపింది.

గ్రాఫిక్ గురు అని పేరు పెట్టుకున్న ఒకాయన గీతనే లేపేసి, గుండ్రంగా, నున్నగా ఏదో గీసి పంపాడు. "మేడమ్, ఆ గీత ఒక లోపం. తీసేస్తే ఎంత అందంగా ఉందో మీరే చూడండి" అని కింద ఉపదేశం.

చూసింది. నిజంగానే బాగుంది. అందుకే మరీ కోపం వచ్చింది.

"అందం సంగతి మీకెవరూ అప్పగించలేదు. గీత ఉంటుంది. మీరు వెళ్ళొచ్చు" అని జవాబు కొట్టింది.

చివరికి వెబ్‌సైటువాళ్ళే కల్పించుకున్నారు. షరతులు మరీ కఠినంగా ఉన్నాయట, చాలామంది తప్పుకుంటున్నారట, కాస్త సడలిస్తే మంచిదట.

"నిజమే కదే, కొంచెం పట్టువిడుపు ఉండాలి" అంది అక్క. "ఆ గీతను ఏ ఆకుల కిందో కప్పేసేలా గీయమను. అయినా ఎవరు చూడొచ్చారని నీకింత పట్టుదల?"

"నేను చూస్తాను. రోజూ పొద్దున్నే."

అక్క చేతిలో సూది ఆగింది.

సడలించమన్న చోట టైలరమ్మ ఇంకో షరతు చేర్చింది. గీతను కప్పకూడదు.

ఆ దెబ్బకు ఉన్నవాళ్ళూ జారుకున్నారు. గడువు ముంచుకొస్తున్నా ఒక్క బొమ్మ రావడం లేదు. పైకి ఎంత బింకంగా ఉన్నా లోపల ఆమెకు గుబులు పట్టుకుంది. ఏదీ నచ్చకపోతే అక్క చెప్పిన ఆకులే గతి అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనే మండిపడింది.

అప్పుడు బఠాణీ అనే పేరుతో ఎవరో ఒక ప్రశ్న పంపారు. "ఆ గీత ఎందుకని అడగను. దాని మీద ఎవరైనా కూర్చోవచ్చా?"

టైలరమ్మకు నవ్వొచ్చింది. "కూర్చోవచ్చు. బరువు మోస్తుంది" అని రాసింది.

మర్నాడు బొమ్మ వచ్చింది. గీత గీతలాగే ఉంది. దాని మీద ఒక కాకి కూర్చుంది. మెడ పక్కకు తిప్పి, ముక్కు తెరిచి, చూసేవాళ్ళను "ఏంటట?" అని నిలదీస్తున్నట్టుంది.

"ఇంతా చేసి కాకా!" అక్క నోరు నొక్కుకుంది. "చిలకో నెమలో దొరకలేదా?"

"చిలకైతే ముద్దు చేస్తారు. కాకిని చూసి ఎవరూ జాలిపడరు."

"ఒకసారి వేయించాక మార్చుకోవడానికి ఉండదు. ఆలోచించుకో."

"ఆలోచించడానికే ఆరు నెలలు పట్టింది అక్కా."

అక్క స్క్రీను దగ్గరికి జరిగి కాకిని ఎగాదిగా చూసింది. చూసీ చూసీ నవ్వేసింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది.

"కాకిపిల్ల కాకికి ముద్దు. సరే, కానియ్."

బఠాణీకి బహుమతి ప్రకటించి, కాకిని పెద్దగా ప్రింటు తీయించుకుంది టైలరమ్మ.

ఆ ఆదివారం, పచ్చబొట్లు వేసే అమ్మాయి తలుపు గడియపెట్టి "ఎక్కడ వెయ్యాలక్కా?" అని అడిగితే, చొక్కా గుండీలు విప్పి, ఎడమ రొమ్ము తీసేసిన చోట మిగిలిన ఏటవాలు మచ్చ మీద వేలు పెట్టి, "కాకి కూర్చోవాల్సింది ఇక్కడ" అంది.