ఆదివారం బిగుసుకునే చాకు

“ఇవాళ దీని అంతు చూస్తాను,” అన్నాడు గడియారాల మెకానిక్, పోయిన భార్య మడత చాకును భూతద్దం కింద పెట్టి.

ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఆ చాకు బిగుసుకునేది. ఆవిడ వంటింట్లోంచి కేకేసేది. ఆయన పని ఆపి వెళ్లి, కీలులో నూనె వేసి తెరిచేవాడు. “ఊళ్లో గడియారాలన్నీ మీ మాట వింటాయి, ఇంట్లో చాకు మాత్రం వినదు,” అని ఆవిడ దెప్పేది. ఆవిడ పోయాక ఆయన వంటింటి గడప తొక్కలేదు.

పుల్లతో కీలు గీకితే పసుపుపచ్చటి జిగురు వచ్చింది. వాసన చూశాడు.

“అమ్మాయ్, ఇది తుప్పు కాదే. తేనె!”

కూతురికి నవ్వాగలేదు. “శనివారం శనివారం అమ్మే ఒక చుక్క వేసేది నాన్నా. లేకపోతే నువ్వు ఈ పనిబల్ల దగ్గర్నుంచి లేస్తావా?”

“దొంగమొహంది! నా పనితనానికే మచ్చ తెచ్చిందే!”

జిగురంతా తుడిచి నూనె చుక్క వేశాడు. చాకు ఇట్టే తెరుచుకుంది.

“ఇంకేం, ఇక నీకు వంటింట్లో పనే లేదు,” అంది కూతురు.

ఆయన చాకును రెండుసార్లు తెరిచి మూశాడు. తర్వాత లేచి వంటింట్లోకి నడిచాడు.

“తేనె సీసా ఎక్కడ పెడుతుందే మీ అమ్మ?”