మేకలు చెప్పిన ఆరోగ్యం

మా గుండ్లపాలెం అంత ఆరోగ్యమైన ఊరు భూమండలంలో లేదు. ఉప్పు ఎక్కువ తింటే తిట్టే, బీపీ కొలిచి పట్నానికి లెక్క పంపే సర్కారు పట్టీ రాష్ట్రంలో అందరి చేతికీ ఉంది. మా ఊళ్లో ఒక్కరికీ బీపీ లేదని పట్టీలే చెప్పాయి. పట్నంలో కూర్చుని మూడేళ్లు ఆ లెక్కలే చదివి, ప్రజారోగ్యంలో పీహెచ్‌డీకి గ్రంథం రాసేసిన హైమవతి, చివరికోసారి ఊరు చూసి పోదామని వచ్చింది.

మేకలు కాసే నాసరమ్మ ఎదురైంది, చెయ్యి బోసిగా కనిపించింది.

"నీ పట్టీ ఏది అత్తా?"

"మేక మెడలో ఉందమ్మాయ్. నా చేతికుంటే ఊరగాయ తిననిస్తదా? ఊరంతా అంతే."

హైమవతికి అప్పుడర్థమైంది: ఇన్నాళ్లూ తను చదివింది మేకల ఆరోగ్యం.

"ఆ సంగతి మింగెయ్, డిగ్రీ వస్తుంది," అన్నాడు సంగతి విన్న పీహెచ్‌డీ గైడు.

ఆమె మింగలేదు. పాత బీపీ మిషను ఒకటి సంపాదించి గడపగడపా తిరిగింది. ఊళ్లో సగంమందికి బీపీ. వాళ్లచేత మాత్రలు మొదలుపెట్టించి, గ్రంథం మళ్లీ మొదటినుంచీ రాసింది.

"అయితే పట్టీ అబద్ధం చెప్పిందంటావా?" వైవాలో పెద్ద ప్రొఫెసరు ఉరిమాడు.

"లేదండీ. మేకలు నిక్షేపంగా ఉన్నాయి. మనుషుల్నే ఎవరూ అడగలేదు. ఇంతకీ మీ పట్టీ ఏదండీ?"

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, "మా కుక్కకుంది," అని గొణిగి సంతకం పెట్టేశాడు.

డాక్టర్ హైమవతిని మేళతాళాలతో ఊరేగించాం. ఇందులో కుక్క ఒక్కటే నా కల్పన. ఆయన పెంచేది పిల్లిని.