తండ్రి పక్కన చోటు

"తండ్రి ఎక్కువ, కుమారుడు తక్కువ అనేవాడు మన సంఘంలో ఉండడానికి వీల్లేదు!" నులకమంచం మీద కూర్చుని తొడ చరిచాడు సంఘపెద్ద ఏసురత్నం. "ఇద్దరూ సమానం. పరలోకంలో కుమారుడు కూర్చునేది తండ్రి పక్కన పాస్టరుగారూ, కాళ్ల దగ్గర కాదు!"

"కూర్చున్నా, తండ్రి మాట వింటాడు కదండీ," అన్నాడు ఎదురుగా కుర్చీలో ఉన్న పాస్టరు.

"వినడం ప్రేమండీ. తక్కువతనం కాదు!"

జవళగేర కాలవ కింద ఏసురత్నం పొలమంతా దున్నేదీ నాటేదీ కొడుకు దానియేలే. ఇప్పుడూ నారు మోసి వచ్చి, బురదకాళ్లతో వసారా గుంజ పక్కన నిలబడే ఉన్నాడు. ముప్పై ఏళ్లొచ్చినా తండ్రి ఎదుట కూర్చోవడమన్నది ఆ ఇంట్లో ఎరగరు.

మజ్జిగ తెచ్చిన తల్లి కరుణమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"విన్నావుగా దానియేలూ? పోయి మీ నాన్న పక్కన కూర్చో."

దానియేలు కూర్చున్నాడు. మంచం కిర్రుమంది.

ఏసురత్నం నిప్పు తొక్కినట్టు లేచాడు. "సిగ్గు లేదట్రా? లే!"

పాస్టరు నవ్వు దాచుకోవడానికి బైబిలు తెరిచాడు.

దానియేలు తండ్రి వైపు ఒకసారి చూశాడు. లేవలేదు. తల్లి చేతిలోని మజ్జిగ అందుకుని తాపీగా తాగసాగాడు.

"ఏమయ్యా," అంది కరుణమ్మ, "కుమారుడొచ్చి పక్కన కూర్చుంటే, పైన ఆ తండ్రి కూడా ఇట్టాగే లేచిపోయాడంటావా?"