గోలు వెనక

నాలుగో డివిజన్‌లో అట్టడుగున ఉన్న మా గ్లెన్‌కారిక్ ఫుట్‌బాల్ జట్టు సగం ఆటకే అవతలి జట్టు చేతిలో ఐదు గోల్స్ తినేసింది. జట్లు వైపులు మారాయి. మావాళ్లు గోలు కొట్టాల్సిన వైపుకు, ఎప్పటిలాగే అభిమానులందరం నడిచాం. గోల్‌కీపర్ క్యాలమ్‌ను అందరికంటే ఎక్కువ తిట్టిన మా బావ హామిష్ మాత్రం కదల్లేదు.

వెనక్కి వెళ్లి పిలిచాను. "రా బావా. ఇక్కడుంటే క్యాలమ్ వీపు తప్ప ఏం కనబడదు."

"చూస్తాలే."

"ఇంకా తిట్టాలా? పొద్దున్నంతా ఉత్తరాలు పంచి వచ్చాడు పాపం."

"నలభై ఏళ్లుగా గోలు కొట్టేవాళ్ల వెంటే తిరిగాం. తినేవాడి వెనక ఎవరున్నార్రా?"

ఇంతలో క్యాలమ్ మా ముందున్న గోలు దగ్గరికి వచ్చాడు. వానకు తడిసిన ఖాళీ మెట్ల మీద బావను చూసి తల దించుకున్నాడు.

"తిట్టవయ్యా హామిష్, వింటాను."

బావ తన వేడి సూపు కప్పు కంచె మీదుగా అందించాడు.

"ముందు ఇది తాగు. ఆరోది పడ్డాక తిడతాను."