గడపకు పసుపు

ఇంకా ఎవరూ కాపురం చేరని ఇంటి గడపకు ఎవరో పసుపు పూసి పోయారు.

తడి ఆరలేదు. రెండు మూలలా కుంకుమ బొట్లు కూడా.

"ఎవరు పెట్టిండ్రు ఇది?" మేస్త్రీ రాయమల్లును విజయేందర్ అడిగాడు.

"ఎవరో ముసల్ది సార్. మేం వచ్చేసరికే పూసి కూసున్నది. ఎల్లగొడ్తే గిప్పుడే పోయింది."

హుజూరాబాద్‌లో తండ్రి కట్టిన ఇంటిని విజయేందర్ తిరగ కడుతున్నాడు. పాత గోడల మట్టితోనే కొత్త గోడలు. వాన నీళ్లు ఇంకే గుంత. ఏసీ అక్కరలేని గదులు. దూలాలు, తలుపులు, గడపతో సహా ముందు దర్వాజ అన్నీ పాత టేకు. మంచిర్యాలలో పాత కలప అమ్మే అజీముద్దీన్ దగ్గర ఏరి ఏరి తెచ్చాడు.

చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"గీ ఇంటికోసం ఒక్క చెట్టు కొట్టలే."

వాళ్లు దర్వాజ పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. కలప ఎంత పాతదని అందరూ అడిగారు. ఎక్కడిదని ఒక్కడూ అడగలేదు.

మరుసటి శుక్రవారం విజయేందర్ భార్య అమూల్య చంటిపిల్లను చంకనేసుకుని వచ్చేసరికి ముసలామె గడప కడుగుతోంది.

"ఎవలవ్వా నువ్వు? మా గడప నువ్వు కడుగుడేంది?"

"శుక్రారం గడప ఎండనియ్యద్దు బిడ్డా."

"నీదే ఊరు?"

"ఊరు లేదు."

"మరి యాడ ఉంటవ్?"

"బస్టాండ్ల."

"అన్నం తింటవా?"

"ఏమద్దు. గింత పసుపు రాసుకోనియ్యి సాలు. లోపటికి రాను."

అన్నట్టే గడప దాటలేదు. పిల్లను చూసి నవ్వి, పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుని పోయింది.

ఆ వారమే పిల్లకు జ్వరం వచ్చింది.

"పరాయి ఆడిది గడపకు పసుపు పూస్తదా ఎన్నడన్న?" ఎదురింటి బుచ్చవ్వ అంది. "చదువుకున్నోళ్లు, మీరు నమ్మరు. మంత్రాలు గట్లనే మొదలైతయి."

"మంత్రాలేంది బుచ్చవ్వా," విజయేందర్ నవ్వాడు.

జ్వరం తగ్గలేదు. నవ్వు తగ్గింది.

గృహప్రవేశం కూడా శుక్రవారమే వచ్చింది. పాలిష్‌కు మరకలు పడొద్దని గడపకు పసుపు రంగు ప్లాస్టిక్ స్టిక్కర్ అంటించారు. చెట్టు కొట్టని ఇల్లు కదా, ప్లాస్టిక్ ఎవరికీ కనిపించలేదు.

ముసలామెకు కనిపించింది. పసుపు గిన్నె కింద పెట్టి, గోటితో స్టిక్కర్ గీకడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం చేస్తున్నవ్?" విజయేందర్ ఉరికొచ్చాడు.

"దీని కింద కట్టెకు ఊపిరాడది బిడ్డా. జర తీసి పసుపు రాసి పోత."

"పొమ్మంటున్న గదా."

"ఇయ్యాల చుట్టాలొస్తరు. ఉత్త గడప మీంచి రానియ్యద్దు."

భుజం పట్టి లాగాడు. ఆమె రెండు చేతులతో దర్వాజను పట్టుకుంది.

"సూసిండ్రా," వెనక నుంచి బుచ్చవ్వ గొంతు. "ఇడుస్తలేదు. ఇంక పిల్ల బతికినట్టే."

విజయేందర్ ఆమె వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. చివరి వేలు వదలగానే నెట్టాడు. ఆమె తల గడప మూలకు తగిలింది.

ఆ శుక్రవారం కూడా గడప ఎండలేదు.

ఆటో వచ్చేలోపే ప్రాణం పోయింది. వాకిట్లో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. చుట్టాలు పక్క నుంచి నడిచి లోపలికి పోయారు.

"ఎవలీమె?" అడిగాడు వచ్చిన కానిస్టేబుల్.

"తెల్వదు," అన్నాడు విజయేందర్. "ఇల్లు వాకిలి లేనిది. అడుక్కునేటామె. కాలు జారి పడ్డది."

కాదని ఎవరూ అనలేదు. రాయమల్లు కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

అప్పుడే అజీముద్దీన్ మిఠాయి డబ్బా పట్టుకుని గేటు తెరుచుకుని వచ్చాడు. గాలికి దుప్పటి అంచు లేచింది. డబ్బా కింద పెట్టి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"యా అల్లా. తారాబాయి."

"నీకు ఎరికేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"బొగ్గు గని కింద పోయిన ఊరామె సార్. ఊరు గనికి ఇచ్చేది లేదని లొల్లి చేసి మొగడు, కొడుకు ఇద్దరు సచ్చిపోయిండ్రు. కూలగొట్టిన ఇండ్ల కలప నేనే కొన్న. నా కలప అడ్డాకొచ్చి తన ఇంటి దర్వాజ ఎటు పోయిందని ఏడిస్తే, గీ ఇంటి అడ్రస్ చెప్పిన."

విజయేందర్ దర్వాజకు ఆనుకుని ఉన్నాడు. చెయ్యి తీసేశాడు.

"మరి నాతోని ఒక్క ముక్క చెప్పలే గదా," అన్నాడు.

"మొన్న మళ్లా అడ్డాకొస్తే చెప్పుమన్న సార్. నీదేనని చెప్పు, రాసుకోనిస్తరు అన్న," అజీముద్దీన్ దుప్పటి సరిచేశాడు. "పాడువడ్డ ఇంటిదని తెలిస్తే ఆ చంటిపిల్ల తల్లి భయపడతదని, తన ఇంటి గడపను తనదని చెప్పలే."