తెల్లారేసరికి నిండాలి

ఇన్వర్టర్ బ్యాటరీ మీద చెయ్యి పడిందో లేదో, వెనకాల షెడ్డు తలుపు కిర్రుమంది.

దూదిగాడు బ్యాటరీ వదిలేసి గిరుక్కున వెనక్కి తిరిగాడు. అడుగేస్తే చప్పుడుండదని తోటి దొంగలు ముచ్చటపడి పెట్టిన పేరది.

గుమ్మంలో కోళ్లఫారం యజమానురాలు. అరవై దాటిన మనిషి, చేతిలో టార్చి.

"నైట్ డ్యూటీకి పంపుతామన్న కొత్త మనిషివి నువ్వేనా? ఇప్పుడా రావడం?"

దూదిగాడికి ప్రాణం లేచొచ్చింది. "నేనే పెద్దమ్మా! బస్సు దొరకలేదు."

"సర్లే, చలిగాలి తగిలితే పిల్లలు ముడుచుకుపోతాయి." ఆవిడ తలుపేసి, లోపల్నుంచి తాళం పెట్టి, చెవి బొడ్లో దోపుకుంది.

లేచొచ్చిన ప్రాణం మళ్లీ పోయింది.

వేడి బల్బుల కింద పచ్చటి ముద్దల్లా కోడిపిల్లలు. సాయంత్రమే దిగాయి.

"ఒకదాన్ని పట్టుకుని మెడ కింద తడుము. మేతసంచి మెత్తగా, గుండ్రంగా ఉంటే తిని నీళ్లు తాగినట్టు. గట్టిగా ఉంటే నీళ్లు చూపించు. ఖాళీగా ఉంటే మేత చూపించు. తెల్లారేసరికి అన్నిటికీ నిండాలి. ఈ రాత్రి తినకపోతే వారంలో సగం పోతాయి."

"అన్నిటికీనా?"

"జీతం సగమే తీసుకుంటావా?"

ఆవిడ స్టూలేసుకుని కూర్చుంది. దూదిగాడు మేత పోశాడు. నీళ్లు మార్చాడు. పళ్లేల పక్కన గొంతుక్కూచుని, తల్లికోడి పొడిచినట్టు వేలితో టకటకా కొట్టి చూపించాడు. నడుం పడిపోయింది. గోడకి చేరగిలబడ్డాడో లేదో కేక.

"ఏంటా వాలకం? అత్తారింటికొచ్చిన అల్లుడిలా!"

పుట్టి బుద్ధెరిగాక వాడింత కష్టపడలేదు. పని ముగిస్తేగానీ తలుపు తెరుచుకోదు. తెల్లవారుజామున ఓ పిల్లకి సంచి ఖాళీగా తగిలేసరికి వాడికే ఒళ్లు మండింది.

"తినవే తల్లీ, నా కొంప ముంచకు!" అని గడ్డం పట్టుకుని బతిమాలాడు.

వెలుగొచ్చింది. ఆవిడ లేచి అక్కడొకటి, ఇక్కడొకటి పట్టుకుని తడిమింది. అన్నీ మెత్తగా, నిండుగా ఉన్నాయి.

"బంగారంలాంటి పనివాడివిరా అబ్బాయ్," అంటూ తాళం తీసింది.

బతుకుజీవుడా అనుకుంటూ దూదిగాడు గడప దాటాడు.

మెట్ల మీద కూర్చున్న పోలీసాయన పట్టేసిన కాళ్లు సవరించుకుని లేచి, "రాత్రి మీరు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నాం అమ్మగారూ, పిల్లల కడుపులు నిండాయిగా, ఇకనైనా వీణ్ణి తీసుకెళ్లమంటారా?" అన్నాడు.